ఎక్కువ తూగిన చేపలు

సరస్సు ఒడ్డు ఊరైన కువోపియోలో, రేవు పక్కనున్న రొట్టెల బట్టీలో శుక్రవారం చెల్లింపుల రోజు. లోపల చేపలు పెట్టి కాల్చే రై ధాన్యపు రొట్టెకు ఆ బట్టీ పెట్టింది పేరు. దాని లెక్కలు రాసేది ఐలా. ఎవరి దగ్గర ఏం కొన్నారో, ఎవరికెంత బాకీయో ఆమెకు కంఠతా వచ్చు.

"అరిచేవాళ్లకి ముందు పడెయ్. నోరు లేనోళ్లు ఎక్కడికీ పోరు," అంటాడు యజమాని రేయో.

పిండిమిల్లువాడు వడ్డీ వేస్తాడు, కరెంటువాళ్లు ఫ్యూజు పీకేస్తారు. సరస్సులో వల వేసి చిన్నచేపలు తెచ్చే ముసలి తావెత్తి మాత్రం ఏనాడూ ఫోను చెయ్యడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఐలా అమ్మ కూడా కాదాయె. వసంతం నుంచి ప్రతి శుక్రవారం అతని బిల్లుల గడువును పై వారానికి జరుపుతూనే ఉంది. మొదట్లో మనసు పీకింది. తర్వాత "నీ చేతిలో డబ్బు నిలుస్తుందే ఐలా!" అన్న రేయో మెప్పుకు రుచి మరిగింది.

ఇంకో సంగతీ ఉంది. వేసవి నుంచి తావెత్తి బిల్లులో ఇరవై కిలోలుంటే, బట్టీ కాటా చీటీలో ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటోంది. సరుకు తక్కువొస్తే ఐలా ఊరుకునేది కాదు. వచ్చింది ఎక్కువాయె! ముసలాయన కాటా పాడైందనుకుని, బిల్లులో ఉన్నదే పద్దు రాసేసింది. ఆయనకు చెప్పాలని తోచకపోలేదు. చెప్పలేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం చేపలు మధ్యాహ్నానికి గాని రాలేదు. తావెత్తి గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఆలస్యమైందమ్మాయ్. పడవ మోటారు అమ్మేశాను. తెడ్డేసుకుంటూ వచ్చేసరికి ఇంతసేపు పట్టింది."

"అయ్యో బాబాయ్, డబ్బు అవసరమైతే ఒక్క మాట అడగొచ్చుగా!" అనేసి, ఆ మాటకు తనే సిగ్గుపడింది ఐలా.

"ఏ మొహం పెట్టుకుని అడగను? నా చేపల్లో ఏదో లోపముండబట్టే గదా డబ్బు ఆపావు. మంచి సరుక్కి ఆపే మనిషివి కాదు నువ్వు. అందుకే ఏరి ఏరి తెస్తున్నా. నీకు నష్టం రాకూడదని పైన రెండు మూడు కిలోలు కూడా వేస్తున్నా."

ఐలా ఆయన బిల్లులన్నీ బయటికి తీసింది. మెత్తనివాణ్ణి చూసి మొత్తింది రేయో కాదు, తనే. యజమానిని అడక్కుండానే బాకీ మొత్తం అప్పటికప్పుడు ఆయన బ్యాంకు ఖాతాకు పంపేసింది.

"ఎక్కువ తెచ్చినవాటికి కూడా బిల్లు రాసివ్వు బాబాయ్."

"దానికి బిల్లేంటమ్మాయ్, ఇష్టపడి వేసింది." ఆయన టోపీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. "ఇంతకీ చేపలు బాగున్నాయా?"

లోపం చేపల్లో లేదు, నాలో ఉంది అని చెప్పాలనుకుంది.

"బాగున్నాయి," అంది.

ముసలాయన మొహం విప్పారింది.

"హమ్మయ్య! అయితే సోమవారం నుంచి మామూలు తూకమే తెస్తాను, ఏమీ అనుకోకు," అంటూ గుమ్మానికి ఆనించిన తెడ్లు భుజాన వేసుకున్నాడు.