దగ్గు రాని మోపు

గుండ్లకమ్మ ఏరు పొంగి మా ఊరి చప్టాను ఎత్తుకుపోయిన ఏడాది అది. వరద కార్తీకంలో వచ్చింది. నేను చెప్పేది ఆ తర్వాతి ఎండాకాలం సంగతి. చప్టా ఇంకా కట్టలేదు. ఒక జీపు ఏటి ఇసకలో దిగబడితే నలుగురం తోశాం. అందులోంచి ఒక ఆడపిల్ల దిగి, చున్నీ నడుముకు కట్టుకుని తనూ తోసింది.

పేరు తేజశ్రీ. కనిగిరి పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ బట్టలు కుడతాడు. ఈ పిల్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఆ వేసవిలో యూనివర్సిటీ పిల్లలకు రాకెట్ల పని, ఉపగ్రహాల పని ఎట్లా ఉంటుందో చూపించే శిక్షణ ఒకటి పెట్టారట. మొదటి నెల హైదరాబాదులో పాఠాలు. రెండో నెల ఒక్కొక్కరికి ఒక్కో ఊరు. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మ చేతికిచ్చి, ఏ చేలో ఏ పైరుందో ఆ బొమ్మను చూసి చెప్పమన్నారు. చెప్పింది నిజమో కాదో ఊళ్ళోకి వెళ్ళి రైతుల్ని అడిగి సరిచూసుకోవాలి. బాగా సరిపోయిన ముగ్గురిని ఏడాదిపాటు అక్కడే పనిలో ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపిస్తారు.

"ఇంటికి పంపిస్తే జూన్లో ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరాలి తాతా. మా నాన్న మాట కూడా ఇచ్చేశాడు. అది చెడ్డ పనేం కాదు. కానీ నాకు ఇదే కావాలి" అంది.

నేను తల ఊపాను.

నా పేరు సంజీవరావు. కూలి చేసుకుని బతికేవాణ్ణి. మిషను బళ్ళో మూడో తరగతి దాకా చదివాను. ఊళ్ళో నేను కలుపు తీయని చేను, మోట తోలని బావి లేవు. నన్ను ఆ పిల్ల వెంట పంపింది మా ఊరి పెద్దరైతు బుల్లయ్యగారు. అందరి ముందూ ఇలా అన్నారు.

"వీణ్ణి తీసుకెళ్ళమ్మా. ప్రతి గట్టూ తెలుసు. పైగా నోరు మెదపడు. ముప్పై ఏళ్ళలో వీడు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక కార్డు ముక్క మీద రాయొచ్చు."

నోరు మెదపని మనిషి ఆయనకు ఎందుకు కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఆ పిల్లకు తెలియదు.

వరద తీసిన వారానికి నష్టం రాసుకోవడానికి ఆఫీసు మనుషులు వచ్చారు. బురదలోకి దిగకుండా అరుగు మీదే అడిగి రాసుకుంటామన్నారు. మిరప పోతే డబ్బు ఎక్కువ రాస్తారని ఎవరో అన్నారు. అంతే, ఆ సాయంత్రం నుంచి మా ఊళ్ళో పత్తి అనే మాటే లేకుండా పోయింది. ఏటి పక్క చేలన్నీ మిరపే. చిన్నపిల్లల్ని అడిగినా మిరపే.

తేజశ్రీ బుల్లయ్యగారి అరుగు మీద తన బొమ్మను పరిచింది. దుప్పటంత ఉంది. వరదకు పదిహేను రోజుల ముందు తీసిందట. ఏరు నల్లటి తాడులా ఉంది. ఏటికి రెండు పక్కలా ఎరుపే ఎరుపు.

బుల్లయ్యగారు తొడ చరిచారు. "చూశారా! నేను చెప్తే నమ్మరు గానీ ఆకాశమే చెప్తంది. ఊరంతా మిరపే!"

"అది కాయల ఎరుపు కాదు బాబాయ్. ఈ బొమ్మలో పచ్చటి ఆకు ఎర్రగా పడుతుంది."

"పచ్చటిది ఎర్రగానా?"

"అవును. ఆకు గుబురుగా ఉంటే ముదురు ఎరుపు. అప్పటికి పత్తి గుబురుగా ఉండి ఉంటుంది. మిరప మొక్కల మధ్య నేల కనపడుతుంది కాబట్టి లేతగా పడుతుంది."

"మరి కళ్ళంలో ఆరబోసిన కాయలు?"

"అవి ఇంత ఎర్రగా పడవు."

బుల్లయ్యగారు ఆ బొమ్మ మీదికి వంగారు. "మిరపకాయ ఎర్రగా కనపడని కన్ను కూడా ఒక కన్నేనా అమ్మా! అంత పైనుంచి చూసేదానికి నేనేం వేశానో తెలియకపోతే, మళ్ళీ నన్నెందుకు అడగటం?"

"అది చూసింది నిజమో కాదో మీరే చెప్పాలి బాబాయ్. మీరు చెప్పేదే ఆఖరి మాట."

"అంటే అది మాకంటే చిన్నదన్నమాట" అన్నారు. అరుగు మీద అందరూ నవ్వారు. జీపు నడిపే సిలార్ కూడా నవ్వాడు.

రెండు రోజులు ఎండలో తిరిగాం. ఆ పిల్ల చేతిలో, నిలబడ్డ చోటు బొమ్మలో ఎక్కడుందో చెప్పే చిన్న యంత్రం ఒకటి ఉంది. అది చూసుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, ఎవరి చేను తాతా ఇది అని అడిగేది. నేను పేరు చెప్పేవాణ్ణి. ఆ రైతును పిలిపించేవాళ్ళం. వరదకు ముందు ఏం వేశారండీ అని అడిగేది.

"మిరపేనమ్మా."

పన్నెండు చోట్ల అడిగింది. పన్నెండు మిరపలు. చేలో చూద్దామంటే మొండి కూడా లేదు. నీళ్ళు తీశాక చచ్చిన పైరు పీకించి, అందరూ శనగ చల్లేశారు. శనగ కూడా ఎప్పుడో ఇంటికి చేరింది. పన్నెండు చేలూ నున్నగా, అన్నీ ఒకేలా ఉన్నాయి.

మూడో రోజు అద్దంకి వెళ్ళి, ఎస్టీడీ బూతు నుంచి వాళ్ళ సారుకు ఫోన్ చేసి వచ్చింది. ముఖం వాడిపోయింది. మా ఇంటి ముందు జీపు దిగి, వేపచెట్టు కింద మంచం మీద కూర్చుంది. మా ఆవిడ జయకుమారి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"ఏమైందమ్మా?"

"బొమ్మ చూసి నేను తొమ్మిది చేలు పత్తి అని రాశాను మామ్మా. మూడే మిరప. ఊళ్ళో పన్నెండూ మిరపే అంటున్నారు. సారేమో నీకు బొమ్మ చూడటమే రాలేదంటున్నారు. శనివారం లోపల సరిచేసి పంపమన్నారు. ఏం సరిచేయను? ఎన్నిసార్లు చూసినా నాకు పత్తే కనపడుతోంది."

సిలార్ జీపు బానెట్‌కు ఆనుకుని అన్నాడు. "పోనీ మీరు కూడా మిరపని రాసెయ్యండి మేడం. గొడవ వదిలిపోద్ది."

"కనపడనిది ఎట్లా రాస్తాను సిలార్ అన్నా?"

ఆ మాటకు నేను దొడ్డి వైపు చూశాను.

ఆ పన్నెండు చేలలో చచ్చిన పైరు పీకింది నేనూ మా ఆవిడే. కూలి కాక, చేనుకొక మోపు కట్టె మాకిచ్చారు. మిగతాది గట్ల మీదే తగలబెట్టారు. చప్టా దగ్గర మొదలుపెట్టి ఏటి వెంబడి పీకుతూ పోయాం. ఏ రోజు మోపు ఆ రోజు తెచ్చి దొడ్లో గోడవార వరసగా పేర్చాను. ఆ వరస అట్లాగే ఉంది. మా ఆవిడ చివరి నుంచి తీసి పొయ్యిలో పెడుతోంది.

నోరు విప్పి ఫలానా ఆయన పత్తి వేశాడని చెప్పలేను. రేపు వాళ్ళ చేలోకే నేను పనికి పోవాలి. చెప్పకుండా ఉంటే ఈ పిల్ల బడికి పోవాలి.

"నీ కాగితంలో పేర్లు ఉంటాయా?" అని అడిగాను.

ఆ పిల్ల ఉలిక్కిపడింది. మూడు రోజుల్లో నేను అడిగిన మొదటి మాట అది.

"లేదు తాతా. నంబర్లే. చప్టా నుంచి వరసగా ఒకటి నుంచి పన్నెండు."

"ఊరి పేరు?"

"అదీ ఉండదు. అట్ట మీద నా పేరొక్కటే."

"నష్టం రాసుకున్న ఆఫీసుకు పోద్దా?"

"ఎందుకు పోతుంది? ఇది మా పరీక్ష."

నేను లేచి దొడ్లోకి వెళ్ళాను. చప్టా పక్క చేని మోపు తెచ్చి ఆ పిల్ల కాళ్ళ ముందు పడేశాను. "ఒకటి" అన్నాను. మళ్ళీ వెళ్ళాను. "రెండు." మళ్ళీ వెళ్ళాను.

"ఏమయ్యో, ఎండ దెబ్బేమన్నా తగిలిందా?" అంది జయకుమారి. "వానలకు దాచుకున్న కట్టె వాకిట్లో పోస్తున్నావేంది!"

తొమ్మిది మోపులు వరసగా వేసి చెమట తుడుచుకున్నాను.

తేజశ్రీ మంచం దిగి గొంతుక్కూర్చుంది. పత్తికట్టె పొడుగ్గా, నిటారుగా, ఎర్రటి బెరడుతో ఉంటుంది. మిరపకట్టె పొట్టిగా, తెల్లగా, కొమ్మ కొమ్మకూ చీలి ఉంటుంది. రెండూ మోకాలెత్తున వరద బురద పట్టి ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కో మోపునూ తడిమి, తన కాగితం చూసి, మళ్ళీ తడిమింది. నాలుగోదీ ఎనిమిదోదీ మిరప. మిగతా ఏడూ పత్తి.

"తాతా, సరిపోయింది! తొమ్మిదికి తొమ్మిదీ సరిపోయాయి!" అని మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "మరి పది, పదకొండు, పన్నెండు?"

"అవి కాలిపోయినయ్ తల్లీ" అంది జయకుమారి బిక్కముఖం వేసి. "ఈస్టరుకు వాకిట్లో నీళ్ళ పొయ్యిలోకి ఒకటి. మా చెల్లెలు పిల్లలతో దిగబడితే రెండు."

అప్పటికే వీధిలో జనం చేరారు. బుల్లయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. వెనకాలే ఆయన భార్య వెంకటేశ్వరమ్మగారు. ఏడో మోపును చూడగానే ఆయన ఆగిపోయారు. అది ఆయన చేనిదే.

"ఏరా సంజీవా, ఏందిది?"

"కట్టె" అన్నాను.

"కట్టేనని నాకూ తెలుసు. ఈ పిల్లకేం చెప్పావు?"

"ఒక్క మాట కూడా చెప్పలేదు బాబాయ్" అంది తేజశ్రీ. "ఒకటి, రెండు, మూడు అన్నాడు. అంతే. ఏడో నంబరు పత్తికట్టెలా ఉంది."

"నువ్వు పట్నంలో చదివినదానివి. నీకేం తెలుసు? అది మిరపకట్టె. వరదలో నాని సాగింది."

వాకిట్లో ఒక్కసారిగా నవ్వు లేచింది. బుల్లయ్యగారు మాత్రం నవ్వలేదు. "నవ్వమాకండి. మిరపే!"

జయకుమారి నడుం మీద చేతులు పెట్టుకుంది. "దానికి తగాదా ఎందుకయ్యా? మిరపకట్టెను నేను ఇంట్లో పొయ్యికి రానివ్వను. కొమ్మల్లో చిట్టికాయలు ఇరుక్కుని ఉంటాయి, వేశానంటే ఇల్లంతా దగ్గే. ఇదుగో, వేసి చూద్దాం."

వాకిట్లో నీళ్ళు కాచే పొయ్యిలో ముందు నాలుగో మోపు నుంచి గుప్పెడు వేసింది. అంటుకుందో లేదో, పొగ ఒక్క చుట్టు తిరిగింది. సిలార్ జీపెక్కి అద్దాలు బిగించుకున్నాడు. తేజశ్రీ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. పిల్లలూ పెద్దలూ కళ్ళ నీళ్ళతో దగ్గారు. నేనూ దగ్గాను.

ఆ బూడిద ఊడ్చి, గాలి తేటపడ్డాక, ఏడో మోపు నుంచి గుప్పెడు వేసింది. హాయిగా మండింది. అందరూ పొయ్యి వైపు చూస్తున్నారు. పొగ బుల్లయ్యగారి మీదికే పోయింది. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. తువ్వాలు నోటికి పెట్టుకున్నారు.

"ఖళ్... ఖళ్... అబ్బబ్బ, ఏం ఘాటురా నాయనా!"

ఇంకెవరూ దగ్గలేదు.

"ఖళ్" అన్నారు మళ్ళీ, కాస్త చిన్నగా.

వెంకటేశ్వరమ్మగారు ముందుకొచ్చారు. "ఏందయ్యా, ఆ పిల్ల చదువు మీద దగ్గుతున్నావు? పత్తి మందు కంపుకు నెల రోజులు నాకు అన్నం సయించలా. మిరపంట, మిరప!"

"ఒసేయ్, నువ్వుండవే. ఆఫీసువాళ్ళకు తెలిస్తే..."

తేజశ్రీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కాగితం ఆయన ముందు పెట్టింది. "చూడండి బాబాయ్. ఎక్కడైనా మీ పేరుందా?"

ఆయన వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చూశారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. "నా పేరు లేకుండా, నా చేను ఉందన్నమాట" అన్నారు. అందులో ఆయనకు కొంచెం చిన్నతనం అనిపించినట్టుంది. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"ఏడు, పత్తి. రాసుకో. పూతా పిందే మీద ఉన్న పత్తి. అది కూడా రాయి. ఆ పైనున్నదాని చూపు మంచిదే. కాయ ఎరుపు తెలియకపోయినా ఆకు తెలుసుద్ది."

ఆ తర్వాత మాకు కష్టం లేకపోయింది. కాలిపోయిన మోపుల తాలూకు రైతులు ముగ్గురూ గుంపులోనే ఉన్నారు. పది నాది, పత్తి అన్నాడొకడు. పదకొండు కూడా పత్తేనమ్మా అన్నాడు ఇంకొకడు. మూడోవాడు అందరికంటే గట్టిగా అరిచాడు. "పన్నెండు మాత్రం నిజంగానే మిరపమ్మో! ఒట్టు! పొయ్యిలో వేద్దామంటే ఈ మహాతల్లి కాల్చేసిందే!"

తేజశ్రీ కాగితంలో పన్నెండు మిరపే. పన్నెండుకు పన్నెండూ సరిపోయాయి.

చీకటి పడకముందే జీపు వెళ్ళిపోయింది. ఏట్లో దిగబడితే ఈసారి బుల్లయ్యగారు కూడా తోశారు.

నేను మోపులన్నీ మళ్ళీ గోడవార పేర్చాను. ఏడో మోపును మాత్రం లోపల పెట్టి గోనెపట్టా కప్పాను. నమ్మనివాళ్ళు ఎవరన్నా వచ్చి అడిగితే చూపించాలి గదా. వానలు మొదలయ్యాయి. తడిసిన కట్టె పొగచూరుతుంటే జయకుమారి రోజూ తిట్టేది. "పొడికట్టెను ఇంట్లో పెట్టుకుని నన్ను ఏడిపిస్తున్నావు. అదేమన్నా పెళ్ళికూతురా, ఎండ తగలకుండా కూర్చోబెట్టావు?" నేను గోనెపట్టా సర్ది పనికి పోయేవాణ్ణి.

జూలై నెల మొదట్లో కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు. నేనే కూడబలుక్కుని చదివాను. ముగ్గురిలో తను కూడా ఉందట. కట్టె సంగతి సార్ల ముందు చెప్పిందట. అందులో ఒక పెద్దాయన నవ్వి, ఆ ఊరికి దగ్గు రాకుండా వెళ్ళడమెట్లాగమ్మా అన్నాడట. వాళ్ళ నాన్న బడివాళ్ళకు తనే సర్దిచెప్పుకున్నాడట. మామ్మకు కట్టె మిగిలిందా అని చివర్న అడిగింది.

మరుసటి రోజు పొద్దున్నే లేచి గోనెపట్టా తీశాను. ఏడో మోపును వాకిట్లోకి తెచ్చి, తాడు కోసి, నీళ్ళ పొయ్యి నేనే అంటించాను. పొడికట్టె కదా, ఒక్క అగ్గిపుల్లతోనే అందుకుంది. జయకుమారి గుమ్మంలో నిలబడి చూసింది. వీధిలో బుల్లయ్యగారు అరక తోలుకుని చేలోకి పోతున్నారు. మంటనూ నన్నూ కట్టెనూ చూశారు. తువ్వాలు నోటికి పెట్టుకుని, ఖళ్ అన్నారు.

నేనూ ఒకసారి దగ్గాను.