మూడు పొరల కేకు మీద ఏం రాయాలి?

పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ మా ఆడపడుచు, "మరదలా, సాయంత్రానికి కేకు చెయ్యి. మూడు పొరలు పెట్టు. అందరికీ ఒక మాట చెప్పాలి," అంది. ఏం మాటో అడిగేలోగా లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో పూర్తి మొగుడికన్నా ఆ అర్ధమే నాకు నయం. ఆవిడ భర్తతో పొసగక మా పక్క గదికి వచ్చి ఏడాది దాటింది. వచ్చిన కొత్తలో బాత్రూం కోసం రోజూ యుద్ధమే. ఇప్పుడు వదిన పక్కన లేకపోతే నాకు టీ గొంతు దిగదు.

మూడు పొరలకీ మూడు కేకులు ఓవెన్‌లోంచి తీశానో లేదో, అత్తయ్య గుమ్మంలో ప్రత్యక్షమైంది. "నిన్న అల్లుడు ఫోన్ చేశాడు. అది కాపురానికి వెళ్ళిపోతోందమ్మాయ్! కేకు మీద శుభాకాంక్షలని రాయి."

వెనకే వచ్చిన మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "విడాకులకి ఒప్పుకుని ఉంటాడమ్మా. అక్క వేరే ఇల్లు చూసుకుంటుంది. కొత్త జీవితం అని రాయి."

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందు ఇద్దరూ అవతలికి నడవండి," అన్నాను.

ఎవరి మాట నిజమైనా పక్క గది ఖాళీ అయ్యేదే. ఆ సంగతి వాళ్ళకి తట్టనే లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక కత్తి అందుకున్నాను.

కేకుల పైన ఉబ్బిన భాగం కోసి చదును చెయ్యాలి. మొదటిది బాగానే తెగింది. ఆవిడ వెళ్తే ఆవిడకి మంచిదే కదా అనుకుంటూ రెండోది కోస్తే ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వచ్చింది. గిన్నె బోర్లించి, దాని మీద పళ్ళెం పెట్టి, తిప్పుతూ క్రీము రాశాను. కేకు చల్లారిందో లేదో చూసుకోలేదు. క్రీము కరిగి, మూడో పొర పెట్టేసరికి మొత్తం కుడికి ఒరిగింది. నెడితే ఎడమకి ఒరిగింది. విసుగొచ్చి నిలువునా రెండు పుల్లలు గుచ్చి ఫ్రిజ్‌లోకి తోశాను. గట్టిపడ్డాక పొడి రాలకుండా పలచగా ఒక పూత, దాని మీద మందంగా ఇంకో పూత వేశాను.

ఇక రాయాలి. 'శు' అని రాసి కత్తితో చెరిపేశాను. 'కొ' అని రాసి అదీ చెరిపేశాను. నాకే తెలియని మాట కేకు మీదికి ఎక్కడినుంచి వస్తుంది?

వదిన వస్తూనే భుజాన సంచీతో వంటింట్లోకొచ్చి తలుపేసింది. "ఏం రాశావ్?"

"ఏమీ రాయలేదు. మీరు చెబితేగా!"

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "ఆయన రమ్మంటున్నాడు. సాయంత్రం ఏదో ఒకటి చెప్తానన్నాను. నీకు కేకు పని పెడితే ఈలోగా తేల్చుకోక తప్పదనుకున్నా. బస్సెక్కినప్పుడు వెళ్దామనిపించింది. దిగేసరికి వద్దనిపించింది. నువ్వేమంటావ్?"

వెళ్ళండి వదినా, కాపురం చక్కబెట్టుకోండి అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. "వెళ్ళొద్దు," అన్నాను. అనేసి నేనే బిత్తరపోయాను.

"ఆయన మంచివాడు కాదంటావా?"

"ఆయన సంగతి నాకేం తెలుసు? మీరు లేకపోతే నాకు తోచదు. అంతే."

నాకు తెలియకుండానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆయన ఈ మాట అనలేదే," అంది వదిన. "ఇల్లు పాడైపోతోంది రమ్మన్నాడు."

సంచీలో ఫోన్ మోగింది. తీసి, "నేను రావట్లేదండీ," అంది. అవతల ఆయన ఏమన్నాడో మరి, "కాదు, ఇక్కడ మావాళ్ళు వెళ్ళొద్దంటున్నారు," అని పెట్టేసింది.

మావాళ్ళంటే నేనొక్కదాన్నే. తలుపవతల అత్తయ్య, "చెప్పవే, ఎప్పుడు ప్రయాణం?" అని సంబరంగా తలుపు తడుతూనే ఉంది. మంచి పని చేశానో, ఒక కాపురం కూల్చానో నాకు అర్థం కాలేదు. పట్టుకున్న వదిన చెయ్యి మాత్రం నేను వదల్లేదు.