గుమ్మం ముందుకొచ్చిన బెంచీ

పొద్దున్నే ఆ వీధుల్లో మొదట వినిపించేది బెంచీల మేస్త్రి సైకిలు గంట. పార్కులో ఉండాల్సిన బెంచీలు ఏ వైపు నడిచి వెళ్లాయో చూసి రావడం పురపాలక సంఘం ఆయనకిచ్చిన పని. కష్టం ఉన్న ఇంటి ముందుకు బెంచీ వెళ్లి నిలబడటం ఆ ఊళ్లో మామూలే. ఇంటివాళ్లు దాని మీద కూర్చుని, తమకొచ్చిన కష్టమేమిటో నోరు తెరిచి చెప్పాలి. ఇరుగుపొరుగు తమ చేతనైంది చేస్తారు, మిగతాది సంఘం చూసుకుంటుంది. చెప్పుకోవడం అయ్యాక బెంచీ తన దారిన తాను పార్కుకు వెళ్లిపోతుంది. దారిలో పిల్లలు ఎక్కి కూర్చుంటే మాత్రం కాస్త ఆలస్యమవుతుంది.

మేస్త్రి తను చూసొచ్చింది సహాయ విభాగంలో సూపర్వైజరమ్మకు చెప్పేవాడు. ఏ ఇంటికి నర్సును పంపాలి, ఎవరి కప్పు బాగుచేయించాలి, ఏ పెద్దాయనకు మధ్యాహ్నం భోజనం అందాలి, అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. బెంచీ మీద కూర్చోవడానికి మొహమాటపడి తలుపులు వేసుకునేవాళ్లు కొందరుంటారు. వాళ్ల దగ్గరికి ఆమే స్వయంగా వెళ్లేది. "కష్టం రాని ఇల్లెక్కడుందమ్మా? రా, కూర్చో. గట్టిగా చెప్పు, వీధి చివరిదాకా వినపడాలి" అని చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టేది.

అలాంటి సూపర్వైజరమ్మ ఒకరోజు తెల్లవారుతూనే తలుపు తీస్తే, గుమ్మం ముందు బెంచీ ఉంది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఆమె, వాళ్లమ్మ, ఇద్దరే ఉంటారు. అమ్మకు మతిమరుపు ముదిరింది. స్నానం చేసి వచ్చి మళ్లీ స్నానానికి బయల్దేరుతుంది. కన్నకూతుర్ని పట్టుకుని "మీరెవరి అమ్మాయండీ?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఒకటి రెండుసార్లు ఇల్లు దాటిపోయి మార్కెట్లో దొరికింది. అప్పట్నుంచి కూతురు ఆఫీసుకు వెళ్లేముందు అమ్మను వీధివైపు గదిలో కూర్చోబెట్టి, భోజనం, మంచినీళ్లు పక్కన పెట్టి, బయట తాళం వేస్తోంది. అమ్మ ఏదంటే తమ్ముడి దగ్గరికి వెళ్లిందని వీధిలో చెప్పింది.

ఇలాంటి పెద్దవాళ్ల కోసమే సంఘం పగటి ఇల్లు అని ఒకటి నడుపుతోంది. పొద్దున బండి వచ్చి తీసుకెళ్తుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. అక్కడ చూసుకోవడానికి ఆయాలున్నారు, తిరగడానికి తోట ఉంది, ఎన్నిసార్లు స్నానానికి బయల్దేరినా విసుక్కోరు. ఊళ్లో ఎంతోమంది తల్లుల్ని, తండ్రుల్ని అక్కడ చేర్పించింది సూపర్వైజరమ్మే. కానీ తన తల్లిని చేర్పించాలంటే, తను బెంచీ మీద కూర్చోవాలి. అమ్మను చూసుకోలేకపోతున్నానని, గదిలో పెట్టి తాళం వేస్తున్నానని పైకి చెప్పాలి. ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్లందరికీ తెలుస్తుంది. దీపం కిందే చీకటి అని నవ్వుకుంటారు. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు చచ్చిపోయింది.

వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు. ఆమె అటూ ఇటూ చూసి, బెంచీని ఈడ్చుకెళ్లి ఎదురింటి ముందు పెట్టేసింది. బెంచీ కాళ్లు బిగబట్టి మొరాయించింది గానీ, ఆమె పట్టుదల ముందు దానిదెంత!

ఎదురింట్లో స్కూటర్ల మెకానిక్, అతని భార్య ఉంటారు. ఇంటి ముందుగదే అతని షాపు. నవ్వుతూ తుళ్లుతూ బతికే మనుషులు. మెకానిక్ భార్య వాకిట్లోకి వచ్చి గుండె పట్టుకుంది.

"అక్కా! ఇదేంటక్కా, మా ఇంటి ముందుకొచ్చింది?"

"ఏమో చెల్లీ" అంది సూపర్వైజరమ్మ, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "ఊరికే అయితే రాదుగా."

భార్యాభర్తలిద్దరూ బుద్ధిగా బెంచీ మీద కూర్చున్నారు. వీధివాళ్లు చుట్టూ చేరారు. ఏం చెప్పాలో ఇద్దరికీ తోచలేదు. "మాకేం కష్టం లేదండీ" అన్నాడు మెకానిక్. "మొదట్లో అందరూ అలాగే అంటార్లే నాయనా" అని ఓదార్చారు వీధివాళ్లు.

తెల్లారేసరికి బెంచీ మళ్లీ సూపర్వైజరమ్మ గుమ్మం ముందే ఉంది. ఆమె మళ్లీ ఈడ్చుకెళ్లింది. అది రోజూ రావడం, ఆమె రోజూ ఈడ్వడం. అలవాటైపోయాక ఆ పని ఆమెకు ఇల్లు ఊడ్చినట్టే ఉండేది. ఎదురింట్లో మాత్రం నిప్పు రాజుకుంది.

"బెంచీ అబద్ధమాడుతుందా? నువ్వే ఏదో దాస్తున్నావు" అని మెకానిక్ భార్య మొగుణ్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. కళ్లు చూపించింది, గుండె చూపించింది, చివరికి పళ్లు కూడా చూపించింది. మనిషి గుండ్రాయిలా ఉన్నాడన్నారు డాక్టర్లు. అయితే జబ్బు కాదు, ఇంకో ఆడమనిషి అయ్యుంటుందని నిర్ణయానికొచ్చింది. అతను ఒట్లు పెట్టుకున్నాడు, ఆమె అన్నం మానేసింది. ఆ ఇంట్లో ఏదో ఉందని ఆ నోటా ఈ నోటా పాకి, షాపుకు స్కూటర్లు రావడం తగ్గింది. నవ్వే మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. ఇదంతా సూపర్వైజరమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఒక సెలవురోజు మెకానిక్ భార్య వాచిన కళ్లతో వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"నీకిలాంటివన్నీ తెలుసు కదక్కా. మాకొచ్చిన కష్టమేంటో నువ్వైనా చెప్పు. లేకపోతే నేను మా పుట్టింటికి వెళ్లిపోతాను."

అప్పుడే లోపల గదిలోంచి తలుపు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"ఏంటక్కా ఆ చప్పుడు?"

"పిల్లి" అంది సూపర్వైజరమ్మ.

ఆమె వెళ్లిపోయాక సూపర్వైజరమ్మ అమ్మ గది ముందు చాలాసేపు నిలబడింది. తల్లిని పిల్లి అన్న నోటిని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. తన మీద తనకే అసహ్యమేసింది. రేపు చెప్పేస్తాను అనుకుంది. తెల్లవారాక బెంచీని చూడగానే ఆ అసహ్యం కంటే భయమే పెద్దదైంది. ఈడ్చుకెళ్లి ఎదురింటి ముందు పెట్టి, ఆఫీసుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. బెంచీల మేస్త్రి. "మేడమ్, మీరు తొందరగా ఇంటికి రండి. కంగారుపడకండి, పెద్దమ్మగారు బాగానే ఉన్నారు" అన్నాడు. పెద్దమ్మగారు అన్న మాట వినగానే ఆమె ఫోను పెట్టేసి బయటికి పరిగెత్తింది.

జరిగింది ఇదీ. అమ్మ, ఊచల్లేని ఆ గది కిటికీ తెరిచి, కుర్చీ ఎక్కి, ఒక కాలు బయటికి వేసింది. కిటికీ కింద మనిషి ఎత్తు గోడ, దాని కింద రాతి మెట్లు. ఎదురుగా షాపులో కూర్చున్న మెకానిక్ చూసి కేక పెట్టాడు. అతను లేచేలోపలే అతని ముందున్న బెంచీ లేచింది. బెంచీలు నడవడం ఆ వీధివాళ్లకు తెలుసు గానీ, పరిగెత్తడం ఎవరూ చూడలేదు. రోడ్డు మీది బళ్లు దారి ఇచ్చాయి. అది వెళ్లి గోడకు ముందుకాళ్లు ఆనించి నిలబడింది. అమ్మ రెండో కాలు కూడా వేసి, ఎవరో చెయ్యి అందించినంత నిదానంగా దాని మీదికి దిగింది. తర్వాత బెంచీ మామూలుగా నిలబడింది, ఆవిడ మామూలుగా కూర్చుంది.

సూపర్వైజరమ్మ వచ్చేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. గదికి వేసిన తాళాన్ని ఎవరో అప్పటికే చూశారు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆమెకు. మెకానిక్ భార్య అమ్మకు మంచినీళ్లు తాగిస్తూ, తలెత్తి ఆమెను చూసి, మళ్లీ చూపు గ్లాసు వైపు తిప్పుకుంది.

అమ్మ మాత్రం ఆమెను ఎగాదిగా చూసింది. ఎవరో పరాయి మనిషి దిగులుగా నిలబడిందనుకుంది.

"రామ్మా, కూర్చో" అని పక్కన చోటు చూపించింది. "ఏదో కష్టంలో ఉన్నట్టున్నావు. మా అమ్మాయి మున్సిపాలిటీలో పెద్ద ఉద్యోగం చేస్తుంది. నీ సంగతి నాతో చెప్పు, నేను దానికి చెప్పి చేయిస్తాను. చాలా మంచిది మా అమ్మాయి."

సూపర్వైజరమ్మ కూర్చుంది. ఏదో గొణిగింది. "గట్టిగా చెప్పమ్మా" అంది అమ్మ, వీపు నిమురుతూ.

"మా అమ్మను గదిలో పెట్టి రోజూ తాళం వేస్తున్నానండీ."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో! పాపం, ఆవిడ ఎంత భయపడి ఉంటుందో!"

"ఈ బెంచీ కూడా మా ఇంటికొచ్చిందే. రోజూ నేనే ఈడ్చి వాళ్ల గుమ్మం ముందు పెట్టాను" అంది, మెకానిక్ భార్య కాళ్ల వైపు చూస్తూ. ముఖం చూసే ధైర్యం లేదు.

"పళ్లు కూడా చూపించానక్కా ఆయనకి" అంది మెకానిక్ భార్య. ఖాళీ గ్లాసు తీసుకుని ఇంటి వైపు నడిచింది. దారిలో మొగుడు ఎదురైతే అతని భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లిపోయారు. సూపర్వైజరమ్మకు వాళ్లు క్షమిస్తారో లేదో తెలియలేదు. అడిగే ముఖం కూడా లేదు.

మేస్త్రి మెల్లిగా దగ్గరికొచ్చాడు. "పగటి ఇంటి బండిని రేపు రమ్మననా మేడమ్?"

"రమ్మనండి. నేను కూడా ఎక్కుతాను. అక్కడ అమ్మతో కాసేపు కూర్చుని ఆఫీసుకు వస్తాను."

అమ్మ ఇవేవీ వినలేదు. ఆమె ఆలోచనంతా పక్కన కూర్చున్న మనిషి మీదే ఉంది. "అంత పని చేశావంటే పాపం, ఎంత విసిగిపోయావో" అంది. "నీకు ఎవరూ లేరామ్మా?"

"అమ్మ ఉందండీ."

"మరింకేం? అమ్మకి చెప్పుకుంటే అయిపోయేదిగా" అంది అమ్మ, ఆమె తలను తన భుజం మీదికి వాల్చుకుంటూ.