వాయవ్యం మూల

నేను ఒక ఆగరుని. పేరు కొత్తగా ఉంటే వడ్రంగి చేతిలోని బరమాని తలుచుకోండి, దానికి వరసకు పెద్దన్నని. నిలువెత్తు ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి, కింద మెలితిరిగిన పళ్లు. ఇద్దరు మనుషులు పిడి పట్టుకుని తిప్పితే నేలలోకి దిగుతాను, పైకి లాగితే లోపలి మట్టిని పట్టుకొస్తాను. బాలానగర్‌లో ఒక లేతు షెడ్డులో పుట్టాను. మొదట కంచె రాళ్లు పాతేవాళ్ల దగ్గర, తర్వాత అపార్టుమెంట్ల పునాదులకు మట్టి పరీక్షలు చేసేవాళ్ల దగ్గర పనిచేశాను. పైన పచ్చిక, లోపల చెత్త ఉన్న ప్లాట్లు ఎన్ని చూశానో. అందుకే నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా నేలను మెచ్చుకుంటుంటే ముందు వాళ్ల మొహం చూస్తాను.

చివరికి జనార్దన్ అనే కాంట్రాక్టరు చేతికి వచ్చాను. నగరం మధ్యలో మూతపడిన రంగుల ఫ్యాక్టరీ స్థలం ఒకటుంది. బట్టలకు వేసే రంగులు ఏళ్ల తరబడి తయారుచేసి, ఆ మురికంతా నేలకే తాగించి, యజమాని తాళం వేసుకుని వెళ్లిపోయాడు. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు రంగు తిరిగాక గాని ప్రభుత్వానికి మెలకువ రాలేదు. విషపు మట్టిని తవ్వి తరలించి, మంచి మట్టి పోసి, అక్కడ అంగన్‌వాడీ భవనం, పిల్లలకు ఆటస్థలం కట్టాలని నిధులిచ్చింది. పాడు చేసినవాడు ఒకడు, బాగు చేయడానికి సొమ్ము జనానిది. ఈ న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. గేటు దగ్గర పాతిన పథకం బోర్డు మీద నవ్వుతున్న నాయకుల మొహాలకు మాత్రం బాగానే అర్థమైనట్టుంది.

అందరికంటే ఎక్కువ ఆశపడింది బాలమణి టీచరు. గోడ అవతలి సందులో, గాలి ఆడని ఒక అద్దె గదిలో ఆమె అంగన్‌వాడీ నడుపుతోంది. పొయ్యి, బియ్యం బస్తాలు, పిల్లలు అన్నీ అందులోనే. రోజూ గేటు దగ్గరికి వచ్చి తొంగిచూసి, ఎప్పుడైతది సారూ అని అడిగేది. అయిపోయినట్టే అనేవాడు జనార్దన్. ఆ మాట అన్నప్పుడల్లా అతను నేల వంక చూసేవాడు కాదు.

భూమిపూజ ఈశాన్యం మూలన చేశారు. కొబ్బరికాయ అక్కడే, తవ్వకం అక్కడే, లారీల్లో వచ్చిన ఎర్రమట్టి ముందుగా పోసిందీ అక్కడే. పని పూర్తయిందన్నాక పరీక్షకు మట్టి తీయాల్సి వచ్చింది. స్థలమంతా తిరుగుతూ అన్ని మూలలా తీయాలని రూలు. మున్సిపాలిటీ ఇంజనీరు స్వరూప కూడా, ఇంట్లో నేర్చిన అలవాటు కొద్దీ, ఈశాన్యం నుంచి మొదలుపెట్టమంది. మొదలుపెట్టారు, అక్కడే ఆగిపోయారు. ఎండ ముదిరి ఆమె జీపెక్కగానే జనార్దన్ మనుషులు నన్ను ఆ చుట్టుపక్కలే మళ్లీ మళ్లీ దించి సంచులన్నీ నింపేశారు. ప్రతిసారీ ఎర్రటి, శుభ్రమైన మట్టే వచ్చింది. రిపోర్టూ అంతే శుభ్రంగా వచ్చింది. మేడంకి ఇందులో వాటా ఉందనే నేను తీర్మానించుకున్నాను.

మార్చి నెలాఖరు దగ్గరపడింది. పని పూర్తయినట్టు సంతకం పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని జనార్దన్ ఆమె వెంటపడ్డాడు. ఆ రోజు స్వరూప జీపు బానెట్ మీద అంగన్‌వాడీ ప్లాను పరిచి చూస్తోంది. బాలమణి పక్కన నిలబడి, పిల్లల బాత్రూములు ఎటు దిక్కు వస్తాయని అడిగింది. వాయవ్యానికి, మురికి గుంత ఎవరైనా అటే కదా పెట్టేది అంది స్వరూప. అని, ఆగిపోయింది. తల తిప్పి గేటు వైపు చూసింది. ఆ ఫ్యాక్టరీ యజమాని వాస్తు పిచ్చి పేటంతా తెలుసు. నష్టాలొస్తున్నాయని దక్షిణం గేటుకి అడ్డంగా గోడ కట్టించి, తూర్పున కొత్త గేటు పెట్టించుకున్నాడు. దానికి కట్టిన గుమ్మడికాయ ఎండిపోయి ఇంకా వేలాడుతూనే ఉంది. అలాంటి మనిషి ఈశాన్యంలో చీపురు కూడా పెట్టనిచ్చి ఉండడు. మరి తన మురికినంతా ఎటు వదిలి ఉంటాడు?

ఆమె నన్ను వాయవ్యం మూలకు తెమ్మంది. అక్కడ గడ్డి కూడా మొలిచిందని జనార్దన్ నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. ఇద్దరు కూలీలు నన్ను తిప్పారు. కాస్త దిగేసరికే నేల మెత్తబడింది, ఘాటు వాసన కొట్టింది. పైకి లాగితే నా పళ్ల నిండా ఊదారంగు బురద. స్వరూప మొహం పాలిపోయింది. అది చూశాకే ఆమెకు ఏ వాటా లేదని నమ్మాను. మనుషుల విషయంలో ఇలా పొరబడడం నాకు అరుదు.

జనార్దన్ గొంతు తగ్గించాడు. పైన ఇంకో లారీ ఎర్రమట్టి పోయిస్తానని, సంతకం పడకపోతే ఈ టీచరమ్మకు బిల్డింగే రాదని అన్నాడు. ఆ రెండో మాట మాత్రం నిజం. స్వరూప బాలమణి వైపు తిరిగింది. బాలమణి వంగి నా పళ్లకంటిన ఊదారంగును చూసింది.

"వద్దు మేడం," అంది. "మా పోరగాండ్లు మట్టి తింటరు."

సంతకం పడలేదు. నిధులు మురిగిపోయాయి. స్వరూపకు బదిలీ వచ్చింది. వెళ్లేముందు, ఆ చోటును ఎవరూ కప్పేయకుండా నన్ను అక్కడే పాతించి ఎర్రగుడ్డ కట్టించింది. నేను సాక్ష్యమట, అందుకే జనార్దన్ నన్ను తిరిగి అడగలేదు. వానలు వచ్చిపోయాయి, తుప్పు పట్టాను. గుడ్డ వెలిసినప్పుడల్లా బాలమణి వచ్చి కొత్తది కట్టి, ఆ ఇరుకు గదికే తిరిగి వెళ్లేది. ఆమె వెళ్తుంటే నాకు బాధగా ఉండేది.

మొన్న మళ్లీ నిధులొచ్చాయి. కొత్త కాంట్రాక్టరు, కొత్త బోర్డు, అవే నవ్వులు. టెంటు మాత్రం ఈశాన్యంలోనే వేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పంతులుగారు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషికి కొబ్బరికాయ అందించబోతుంటే, పిల్లల్ని గేటు బయటే నిలబెట్టి వచ్చిన బాలమణి దాన్ని అందుకుని నేరుగా నా దగ్గరికి నడిచింది.

"తవ్వుడు ఈడికెళ్లే మొదలుపెట్టాలె," అంది.

వాయవ్యంలో భూమిపూజ ఎక్కడా లేదని పంతులుగారు అంటూనే ఉన్నారు. ఆమె కాయను నా పిడి మీద కొట్టింది. నీళ్లు నా కడ్డీ మీదుగా కారాయి. కొబ్బరికాయ పగిలిన చోట కాకుండా మరోచోట గడ్డపార వేసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

జేసీబీ ఇటు తిరిగింది. ముందు పెకలించేది నన్నే, ఆ తర్వాత నాకు పాత ఇనప సామాన్ల కొట్టే గతి. పోతే పోయాను. ఈ కాంట్రాక్టరు లోతుగా తవ్వుతాడా, పైపైన గీకి పోతాడా అన్నదే నా అనుమానం. బాలమణికీ అదే అనుమానం ఉన్నట్టుంది. కొబ్బరి చిప్పలు చేతిలో పట్టుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అక్కడే నిలబడి చూస్తోంది.