అమ్మ పోలిక

నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసి బతికిన పెయింటర్, భార్య పోయిన రెండో నెలలో ఆమె బొమ్మ వేయడానికి కూర్చున్నాడు. బట్టల కొట్లకు అందగత్తెలను, మందుల షాపులకు బోసినవ్వుల పిల్లలను, సెలూన్లకు మీసాలరాయుళ్ళను వేల కొద్దీ గీసిన చేయి అది. కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది.

“మీ అమ్మ ముఖం రావడం లేదే,” అన్నాడు కూతురితో.

ఆమె ఎక్స్‌రే టెక్నీషియన్. ఉదయం డ్యూటీ దిగి, మధ్యాహ్నాలు తండ్రి దగ్గరికి వచ్చి వెళుతుంది. ఫోన్లో ఉన్న అమ్మ ఫొటోలు తీసి చూపించింది.

“ఇవా? ఫొటో అనగానే బిగుసుకుపోయేది. ఇంట్లో ఇలా ఉండేదా చెప్పు?” అని ఫోన్ తోసేశాడు.

ఆయన మనసు మళ్ళించడానికే ఆమె లాప్‌టాప్ తెచ్చింది. దేశదేశాల మ్యూజియాలను కూర్చున్న చోటి నుంచే చూడొచ్చని చెప్పింది. బాణం గుర్తు నొక్కితే గది తర్వాత గది వస్తుంది. బొమ్మను పెద్దది చేస్తే వందల ఏళ్ళ కిందటి కుంచె గీతలు కూడా కనిపిస్తాయి. ఏనాడూ మ్యూజియం గడప తొక్కని పెయింటర్ కళ్ళజోడు తుడుచుకుని ముందుకు జరిగాడు.

“ఈయనకు చేతులు వేయడం రాదు. శాలువా కప్పి దాచేశాడు చూడు.”

“మహా చిత్రకారుడట నాన్నా. కింద రాశారు.”

“అయితే ఏం? నేను మాత్రం ఎన్ని చేతులు దాచలేదూ!”

అమ్మ పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండానే ఆ కాలక్షేపం వెతుకులాటగా మారింది. ఏదో దేశపు రాణి దగ్గర ఆపించి, “ఇదిగో, అమ్మ నుదురు,” అనేవాడు. ఇంకెక్కడో బట్టలు పిండుతున్న ఆమెను చూపించి, “ఆ మోచేతులు అమ్మవే,” అనేవాడు. కూతురు అన్నిటినీ ఒకచోట దాచిపెట్టేది. చెవి దొరికింది, మెడ దొరికింది. చూపు మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఒక మధ్యాహ్నం, ఎవరూ అంతగా పట్టించుకోని చిన్న మ్యూజియంలో, చివరి గదిలో ఒకామె కనిపించింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో కుట్టుపని ఆపి, తలెత్తి చూస్తోంది. ముక్కు వేరు, రంగు వేరు. అయినా కూతురి వేలు బాణం గుర్తు మీదే ఆగిపోయింది. చిత్రకారుడి పేరు తెలియదని కింద రాసి ఉంది.

“పెద్దది చెయ్యి,” అన్నాడు పెయింటర్.

తెరంతా ఆ కళ్ళే అయ్యాయి. చాలాసేపు చూశాడు.

“ఎవరినో ఏదో అడిగింది. జవాబు కోసం చూస్తోంది.”

కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

“పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ అడిగింది. ‘ఏమండీ, ఊళ్ళో అందరి ముఖాలూ వేస్తారు, నాది ఎప్పుడు వేస్తారు?’ అని. ఖాళీ దొరకనీ అన్నాను. నువ్వు పుట్టాక మళ్ళీ అడిగింది. ఆఖరికి ఆసుపత్రిలో కూడా అడిగిందే, నవ్వుతూనే. ముందు ఇంటికి రా, తీరిగ్గా కూర్చోబెట్టి వేస్తా అన్నాను.”

“నేనూ విన్నాను నాన్నా,” అంది కూతురు. “మీరిద్దరూ సరదాకి అనుకుంటున్నారనుకున్నా.”

“నేనూ అలాగే అనుకున్నా.”

పంచె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కూతురు ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

మర్నాటి నుంచి ఆయన లాప్‌టాప్ ముట్టలేదు. దాచిపెట్టిన నుదురూ మెడా చూపించబోతే వద్దన్నాడు. తలుపు దగ్గరగా వేసుకుని ఎనిమిది రోజులు పనిచేశాడు. తొమ్మిదో రోజు కూతురిని లోపలికి పిలిచాడు.

గోడకు ఆనించిన బొమ్మలో అమ్మ ఉంది. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. ఇప్పుడే ఏదో అడిగి, ఎదురు చూస్తోంది.

“అమ్మే నాన్నా,” అంది కూతురు.

“అమ్మే. అందుకే ఇంట్లో పెట్టుకోలేను. ఏ గోడకు తగిలించినా నన్నే అడుగుతుంది. నువ్వు తీసుకుపో తల్లీ.”

ఆమె బొమ్మను రెండు చేతులా ఎత్తి పట్టుకుని మెట్లు దిగసాగింది. పెయింటర్ గుమ్మం దాటి రాలేదు.

“దేనికీ ఆనించకు,” అన్నాడు లోపలి నుంచి. “రంగు ఇంకా ఆరలేదు.”