చెవిలో మేడం

విదేశాలకు ఇంగ్లీషు మాస్టర్లను తయారుచేసి పంపే శ్యామ్‌సుందర్ తన జన్మలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పి ఎరగడు. అబిడ్స్‌లో చెప్పుల షాపు మీద మూడో అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ పెట్టకముందు పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడు. ఆయన వెనక గోడకి ప్రపంచపటం, దాని నిండా ఎర్ర గుండుసూదులు. పంపిన మనుషులున్న దేశాలు రెండు, సూదులు పదిహేడు. ఆ అంతస్తు మొత్తమ్మీద ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇద్దరుంటారని కామాక్షి అనుకునేది. ఒకరు తను. రెండోవారెవరో ఇంకా తేలలేదు.

కామాక్షి ఇరవై ఆరేళ్ళు బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక ఇక్కడ చేరింది. నాంపల్లి స్టేషను వెనక సందులో ఇల్లు. నడిచే వస్తుంది. దారిలో హనుమంతుడి గుడి ముందు చెప్పులు విప్పి ఒక్క నిమిషం నిలబడడం అలవాటు. ఈ ఉద్యోగంలో చేరాక ఆ నిమిషం కాస్తా రెండైంది.

ఇక్కడ ఆవిడ పని రెండు విధాలు. వెళ్ళబోయేవాళ్ళకి పాఠం చెప్పడం నేర్పాలి, వెళ్ళినవాళ్ళకి సపోర్టు ఇవ్వాలి. సపోర్టు అంటే అక్కడ తరగతిలో ఏదన్నా ఇబ్బంది వస్తే ఇక్కణ్ణుంచి సలహా చెప్పడం. అలా అని ఆవిడ అనుకుంది, బబ్లూ వియత్నాం వెళ్ళేదాకా.

బబ్లూ శ్యామ్‌సుందర్‌కి అక్క కొడుకు. ఇరవై ఎనిమిదేళ్ళు. జుట్టు దువ్వుకోవడంలో చూపించే శ్రద్ధ మరి దేనిమీదా చూపించగా ఎవరూ చూడలేదు. శిక్షణ చివర ప్రతివాడూ ఇంగ్లీషు రానివాళ్ళ ముందు నిలబడి ఆరు గంటలు పాఠం చెప్పాలని నియమం. అందుకోసం శ్యామ్‌సుందర్ తన ఆఫీసువాళ్ళనే బెంచీల మీద కూర్చోబెట్టి, ఇంగ్లీషు రానట్టు నటించమనేవాడు. పాపం, వాళ్ళకి నటించే అవసరం పెద్దగా పడేది కాదు. బబ్లూ ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి, బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగి, బిర్యానీకి వెళ్ళిపోయాడు. ఆరు గంటలు చెప్పాడని సంతకం పెట్టింది కామాక్షే. ఆ వేళ శ్రావణ శుక్రవారం, ఇంటికి పేరంటాళ్ళు వస్తారని తొందర. ఆ తప్పుని కొన్నాళ్ళు అమ్మవారి మీద నెట్టింది.

వియత్నాంలో ఓ చిన్న ఊరి బడి. మొదటిరోజే బబ్లూ బాత్రూములో తలుపేసుకుని ఫోన్ చేశాడు.

"మేడం, నలభై మంది ఉన్నరు. అందరు నన్నే చూస్తున్నరు!"

"మాస్టారిని చూడక ఎవర్ని చూస్తారు? వెళ్ళి పలకరించు."

"ఏమని పలకరించాలె?"

ఆవిడ ఒక వాక్యం చెప్పింది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వెళ్ళి అదే వాక్యం అన్నాడు. నలభై గొంతులు తిరిగి అన్నాయి. ఆ తర్వాతేమిటని గొణిగాడు. ఆవిడ రెండో వాక్యం చెప్పింది. ఆ చెప్పడం ఏడు నెలలయినా ఆగలేదు.

అక్కడ ఎనిమిదింటి తరగతికి ఇక్కడ ఆరున్నర. స్నానం చేసి, దీపం పెట్టి, విష్ణుసహస్రనామం చదువుకునే వేళ. సహస్రనామం వెనక్కి జరిగింది. పాఠం మొత్తం ఈవిడ చెబుతుంటే బబ్లూ మైకులా పలికేవాడు. మైకుకి ఆలోచన ఉండదంటారు, ఆ మాట నిజమేనని ఒకరోజు తెలిసింది. పాఠం మధ్యలో ఆవిడ వంటింట్లోకి చూసి, "ఏవండీ, స్టవ్ కట్టేయండి, పాలు పొంగుతున్నాయి" అని భర్తతో అంది. అవతల బబ్లూ ఖంగుమని, "ఏవండీ, స్టవ్ కట్టేయండి, పాలు పొంగుతున్నాయి!" అన్నాడు. నలభై మంది పిల్లలూ రాగం తీసి అదే అన్నారు. వాడు రెండోసారి కూడా అనిపించాడు. అది తన అమ్మభాషేనని కూడా ఆ బుర్రకి తట్టలేదు.

ఇంతలో జిల్లా విద్యాశాఖనుంచి ఒక పెద్దమనిషి గురువారం తరగతిలో కూర్చుని చూస్తాడని కబురొచ్చింది. నచ్చితే ఆ జిల్లాలో ఇంకా పదిమంది మాస్టర్లను ఇక్కణ్ణుంచే తీసుకుంటారు. నచ్చకపోతే బబ్లూ తిరుగుటపా.

సోమవారమే కామాక్షి చెప్పేసింది. "గురువారం నేను నోరు విప్పను. మూడు రోజులున్నాయి. నలభై నిమిషాల పాఠం నీ అంతట నువ్వు రాసుకో. సాయంత్రం పంపిస్తే దిద్దుతాను."

"మజాక్ చేస్తున్నరా మేడం?"

"నీతో మజాకులాడే వయసా నాది?"

"మామకు చెప్తా మళ్ళ!"

"చెప్పుకో. మీ మామకీ రాదుగా పాఠం."

పాఠం రాలేదు గాని మామ వచ్చాడు. మర్నాడు కుర్చీ లాక్కుని ఆవిడ బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏంది మేడం, పోరడు ఏడుస్తుండు. గట్ల నడిమిట్ల ఇడిచిపెడ్తరా?"

"ఇరవై ఎనిమిదేళ్ళవాడు పోరడేమిటండీ?"

"జర సమజ్ చేసుకోండ్రి. పాఠం మంచిగనే ఉన్నది గదా? పిల్లలకు చదువొస్తున్నది గదా? ఎవరి నోట్లకెళ్ళి వస్తే ఏంది? మీరు పూజలు చేసెటోళ్ళు. గిది దేవుని పని కాదా?"

ఆయన నోట దేవుడి పేరు వింటే ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా ఆ ప్రశ్న పట్టుకుంది. దీపం ముందు తను వేసుకుంటున్న ప్రశ్న కూడా అదే మరి. పిల్లలు నిజంగానే నేర్చుకుంటున్నారు. తను ఊరుకుంటే నష్టం వాళ్ళకేనా? అలాగని ఒక అబద్ధానికి ఎన్నాళ్ళు గొంతివ్వాలి?

రాత్రి భోజనాల దగ్గర భర్త శ్రీరామమూర్తి అంతా విని, "వాడు వట్టి వెధవేనే, కాదనను. ఆ వెధవకి సంతకం పెట్టిందెవరు?" అన్నాడు. ఆవిడ కంచంలో మజ్జిగ పోసుకుని గబగబా తిని లేచింది.

గురువారం ఫోన్ ఎత్తకూడదనుకుంది. మోగగానే ఎత్తింది. పీట మీద కూర్చుని పెదవులు బిగపట్టుకుంది.

"మేడం... ఉన్నరా?" గుసగుస. "మేడం, ఆయన వచ్చి కూసున్నడు. ఏమన్న అనుండ్రి మేడం."

కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. బబ్లూ గుటక మింగడం కూడా వినిపించింది. ఒక్క వాక్యం అందిస్తే చాలు. అందించలేదు.

అప్పుడు బెంచీల్లోంచి ఒక ఆడపిల్ల గొంతు లేచింది. ఇంగ్లీషులో అందరికీ శుభోదయం చెప్పింది. కిటికీ తెరవమని ఎవరికో పురమాయించింది. పొద్దున్న ఏం తిన్నావని ఒకణ్ణి అడిగింది. నూడుల్స్ తిన్నానన్నాడు వాడు. ఎవరు వండారు? మా నాన్న. నీకు వండడం వచ్చా? రాదు, తినడం వచ్చు. తరగతంతా నవ్వింది. అదంతా కామాక్షి రోజూ నడిపే వరుసే. పిల్ల చివర, "వెరీ గుడ్, నాన్నా!" అంది.

బాగా చెప్పినవాణ్ణి ఆవిడ "నాన్నా" అని మెచ్చుకునేది. అదీ పొల్లుపోకుండా బబ్లూ పలికేవాడు. పిల్లలు అదీ ఇంగ్లీషేననుకుని నేర్చేసుకున్నారు. కామాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తనకే తెలియలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి అడుగుతూ, చెబుతూ నలభై నిమిషాలూ నడిపేశారు.

సాయంత్రం శ్యామ్‌సుందర్ ఉస్మానియా బిస్కెట్ల పొట్లం పట్టుకుని వచ్చాడు.

"మేడం, బబ్లూ కమాల్ చేసిండు! ఒక్క మాట మాట్లాడకుండ క్లాసు నడిపిచ్చిండట. గసుంటి మాస్టర్ను ఏడ సూడలేదని రాసిచ్చిన్రు. గిదే మన సిలబస్‌ల పెడ్దాం. మాట్లాడకుండ పాఠం చెప్పుడు!"

"పెట్టండి. దానికి తగినవాళ్ళు మన దగ్గర బోలెడుమంది."

ఆయన అది మెచ్చుకోలనుకుని పెద్దగా నవ్వాడు. "పదిమందిని తీస్కుంటున్నరు. మీకు తక్లీఫ్ కాకుండ ఉపాయం గూడ చేసిన. ఒకటే కాల్‌ల పదిమందిని కలుపుతం. మీరు ఇంట్ల కూసొని చెప్పుండ్రి, పది క్లాసులల్ల పలుకుతది."

పది తరగతులు. నాలుగు వందల మంది పిల్లలు. నాలుగు వందల గొంతులు తన మాట తిరిగి చెప్పడం కామాక్షి చెవిలో ఒక్క క్షణం వినిపించింది. ఆ క్షణం ఆవిడ ఒళ్ళంతా పొంగిపోయింది. వెంటనే ఆ పొంగుని పోల్చుకుంది. ఏడు నెలలుగా తనని ఆ ఫోనుకి కట్టేసింది బబ్లూ అవసరం కాదు, దేవుడి పనీ కాదు, ఈ పొంగే. ఇన్నాళ్ళూ ఈ మామా అల్లుళ్ళని తప్ప ఇంకెవర్నీ ఈసడించుకోలేదు. ఈసారి మాత్రం బిస్కెట్ల పొట్లం వైపు చూస్తూ తనని తాను చూసుకుంది.

"నేను చెప్పనండి, శ్యామ్‌సుందర్ గారూ" అంది.

"బిస్కెట్ తినుండ్రి మేడం, రేపు మాట్లాడుకుందం" అన్నాడాయన.

శుక్రవారం ఆరున్నరకి ఫోన్ మోగింది.

"మేడం, నిన్న సూపర్ అయింది! ఇయ్యాల ఏం పాఠం?"

అతని వెనక పిల్లల సందడి. ఎవరో పాట పాడుతున్నారు. కామాక్షి ఒక్క నిమిషం ఆ సందడి వింది.

"నీ ముందు నలభై మంది ఉన్నారు బబ్లూ. వాళ్ళనడుగు, చెబుతారు. నీకు పాఠం చెప్పడం నేర్చుకోవాలనుంటే సాయంత్రం ఫోన్ చెయ్యి. మొదట్నుంచీ నేర్పుతాను. పొద్దున మాత్రం చెయ్యకు."

"మేడం, ఇయ్యాల ఒక్కరోజు, ఒక్క లైను..."

పెట్టేసింది. మళ్ళీ మోగింది. శ్రీరామమూర్తి పేపరు దించి చూశాడు. ఆవిడ ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి, పుస్తకం తెరిచి సహస్రనామం మొదలుపెట్టింది. అక్కడ కిటికీ ఎవరు తెరిచారో, నూడుల్స్ ఎవరు తిన్నారో అనే ఆలోచన వచ్చి మధ్యలో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ వెనక్కి వెళ్ళి చదువుకుంది.