తిరిగే ఊరేగింపు

కొయ్యచెక్కడాల ఊరు పాయెతేలో ఉలి పట్టని ఇల్లు అరుదు. ఊళ్లోవాళ్లు గౌరవంగా మాంగ్ సాంతో అని పిలిచే క్రిసాంతో మాత్రం వయసంతా ప్రయాణికుల బండి జీప్నీ తోలి, మోకాళ్లు మొరాయించాక గానీ ఉలి ముట్టలేదు. ఎక్కిన, దిగిన ప్రతి మొహాన్నీ జీప్నీ అద్దంలో చూసినవాడు కాబట్టి, బొటనవేలంత కొయ్యముక్కలో మనిషి పోలిక దించడం అతనికి ఇట్టే పట్టుబడింది. పునీత అంతోని పండుగ ఊరేగింపునంతా బొమ్మలుగా చెక్కాడు: పునీతుడి రథం, బాకాల మేళం, కొవ్వొత్తులు పట్టిన ఆడవాళ్లు, వెనక వీధికుక్కలు. వాటిని నిలబెట్టడానికి ముందుగదిలో ప్లైవుడ్ బల్ల చేయబూనాడు. భార్య తెయోదోరా టీవీని పడగ్గదిలోకి మోసుకుపోయి, సణుగుడు కూడా అక్కణ్ణుంచే సాగించింది.

బల్లకు కాళ్లు బిగిస్తుండగా కపితాన్ ఇరెనెయో వచ్చాడు. పేటకు ఎన్నికైన పెద్ద ఆయన. మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. బొమ్మల్లో తనను వెతుక్కుని, బాకాలవాళ్ల వెనక కనబడేసరికి చిన్నబుచ్చుకున్నాడు.

"మాంగ్ సాంతో, నేను మరీ ఇంత పొట్టిగానా ఉంటాను?"

"పునీతుడికంటే ఎత్తు చెక్కితే ఫాదర్ ఊరుకోరు, కపితాన్."

పునీతుడితో సమానంగా ఉంటే చాలని ఆయన వినయంగా ఒప్పుకుని, రథానికి ముందు చోటు కూడా పుచ్చుకుని వెళ్లాడు.

ఆ సంగతి ఆయన మీద పోటీకి నిలబడ్డ ఆలింగ్ పూరాకు చేరింది. బేకరీ ఆమెది. వేడివేడి బన్నుల సంచీతో వచ్చి, తనకు ఎత్తు మీద ఆశ లేదనీ, కపితాన్‌కు అడుగు ముందు నిలబెడితే చాలనీ చెప్పింది. ఆమె వెనకే పాటల మేళం పెద్ద, ఆయన వెనక బియ్యం మిల్లు యజమాని. ఊరేగింపుకు ఏనాడూ రానివాళ్లు సైతం ముందు వరసే అడిగారు. క్రిసాంతో బల్లకు అతుకు మీద అతుకు వేశాడు. చివరికి వీధితలుపు సగమే తెరుచుకునేది.

ఒకనాడు ఆ సందులో ఇరుక్కున్న తెయోదోరా కేకేసింది: "అందరికీ ముందే కావాలంటే, వెనక అనేదే లేకుండా చెయ్యవయ్యా. గుండ్రంగా కోసి, కింద తిరిగేలా చక్రం పెట్టు."

మాట బాగానే ఉందనిపించింది. అతుకులన్నీ ఊడదీసి, బల్లను గుండ్రంగా కోసి, అంచులకు ఉప్పుకాగితం పట్టించి, అడుగున పాత జీప్నీ బేరింగు బిగించి నూనె పోశాడు. వేలితో తాకితే తిరిగేది.

పండుగనాడు పేటంతా ఆ గదిలోనే ఉంది. కపితాన్ తన నిరాడంబరత గురించి ప్రసంగిస్తూ, తన బొమ్మ ఫొటోలు తీసేవాళ్ల వైపే ఉండేలా బల్ల అంచును ఒక చేత్తో అదిమిపట్టాడు. అవతలి అంచును ఆలింగ్ పూరా తన వైపు లాగుతోంది. ఇద్దరి మొహాల్లోనూ చిరునవ్వే.

"నేను ముట్టుకోలేదు," అంది పూరా, ఎవరూ అడక్కుండానే.

అంతలో జనం చప్పట్లు కొట్టారు. అభివాదం చేయడానికి కపితాన్ బల్లను పట్టిన చెయ్యే ఎత్తాడు. బల్ల గిర్రున తిరిగింది. ఊరి పెద్దలంతా కిటికీల మీదికీ, ఫాదర్ ఒళ్లోకీ ఎగిరిపడ్డారు. మేకుతో బిగించినందువల్ల పునీతుడొక్కడే నిలిచాడు.

తర్వాత సోఫా కింద మోకాళ్ల మీద వెతుకులాట. ఎవరి బొమ్మను వాళ్లే వెతుక్కున్నారు. ఆలింగ్ పూరాకు కపితాన్ తలకాయ దొరికింది. గుప్పిట మూసి సంచీలో వేసుకుంది. తెయోదోరా చూసింది గానీ, పండుగపూట గొడవెందుకని ఊరుకుంది.

మర్నాడు క్రిసాంతో జిగురు కలుపుతుండగా కపితాన్ వచ్చి తన బొమ్మ ఎక్కడని అడిగాడు.

"ఉంది కపితాన్. తలే దొరకలేదు. కొత్తది చెక్కాలంటే ఎన్నికలయ్యాకే."

కపితాన్ తల లేని బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

"తల లేకపోయినా ఫరవాలేదు, మాంగ్ సాంతో. రథం ముందు మాత్రం నిలబెట్టు."

నిలబెట్టాడు. చూడవచ్చినవాళ్లలో ఆయన్ని గుర్తుపట్టనివాళ్లు లేరు. ఎన్నికల్లో కూడా ఆయనే గెలిచాడు.